ధోబీతలావ్ వయొలిన్లు

తెల్లవారుజామున ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వచ్చే చిన్న బాణీ మీకు గుర్తుండే ఉంటుంది. తంబూరా శ్రుతి మీద వయొలిన్ ఒక్కటే పైకి లేచి, ఎవరినో పిలిచినట్టు పలికి, మళ్లీ దిగిపోతుంది. కటకంలో ఉన్నా, కోలారులో ఉన్నా, కోయంబత్తూరులో ఉన్నా నా ఈడువాళ్లందరికీ అదే మేలుకొలుపు. వర్లీలో మా చాల్ గదిలో ఆ బాణీ వినపడేసరికి మా బాపు స్నానం ముగించి, మొదటి పాళీకి డబ్బా సర్దుకుంటూ ఉండేవాడు. రేడియో మాది కాదు, పక్కగది వాళ్లది. మా రెండు గదులకూ మధ్య గోడ అంత పల్చన.

ఆ బాణీ కట్టింది వాల్టర్ కాఫ్మన్ అనే యూదుడని, హిట్లర్ రోజుల్లో యూరప్ వదిలి బొంబాయి వచ్చినవాడని, అందులో వయొలిన్ వాయించింది మెహ్లీ మెహతా అనే పార్సీ అని చెబుతారు. నాకు ఈ సంగతి ఏ పుస్తకంలోనో దొరకలేదు. బ్యాంకు కౌంటరు దగ్గర తెలిసింది. చెప్పింది మా ఖాతాదారు, ఒక గోవా పెద్దమనిషి. పేరు రాయను. మా బ్రాంచిలో అందరం ఆయన్ని ‘అంకుల్’ అనేవాళ్లం.

1990ల నడుమ నాకు ధోబీతలావ్ ప్రాంతంలో ఉద్యోగం. కొత్తగా ఆఫీసరునయ్యాను. సంగీతంలో నా చదువు సున్న. బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో చేరినవాణ్ణి. నాకు తెలిసిన స్వరాలన్నీ జమలో, ఖర్చులో. అందుకే ఈ వ్యాసాన్ని సంగీతజ్ఞులు చదివితే కొంచెం ఓపిక పట్టాలి. నేను రాసేది రాగాల గురించి కాదు. ఒక ఊళ్లో ఒక వాద్యబృందం ఎలా పుడుతుంది, ఎవరు మోస్తే నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది అన్నది. బొంబాయిలో తెలుగు సంఘాల కార్యవర్గాల్లో ఏళ్ల తరబడి కోశాధికారిగా లెక్కలు రాసినవాడికి ఆ ప్రశ్న పరాయిది కాదు.

ముందు ఒక మాట. మన వాడుకలో ఆర్కెస్ట్రా అంటే పెళ్లి పందిట్లో సినిమా పాటలు పాడే బృందం. సింఫనీ ఆర్కెస్ట్రా అది కాదు. నలభై మంది నుంచి తొంభై మంది దాకా వాద్యకారులు ఒకే వేదిక మీద కూర్చుంటారు. సగానికి పైగా వయొలిన్లు, వాటి అన్నదమ్ముల్లాంటి పెద్ద తీగల వాద్యాలు. వాటి వెనక కర్రతో చేసిన ఊదే వాద్యాలు, ఇత్తడి బూరలు, డోళ్లు. ఎవరి ముందు వారి కాగితం. మన కచ్చేరీలో లాగా ఒకరు పాడుతుంటే మరొకరు అనుసరించడం ఉండదు. అందరూ ఒకే క్షణంలో వేర్వేరు స్వరాలు వాయిస్తారు. అవన్నీ కలిసి ఒకటిగా వినిపించాలి. మధ్యలో నిలబడి పుల్ల ఊపే ఆయన కండక్టరు. అంకుల్ ఈ మాట చెప్పినప్పుడు నాకు బెస్ట్ బస్సు కండక్టరే కళ్ల ముందు మెదిలాడు. ఆ మాటే అన్నాను కూడా. ఆయన నవ్వి, “రెండూ ఒకటే బాబూ. ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో చెప్పేవాడే” అన్నారు.

మెహ్లీ మెహతా 1908లో బొంబాయిలో పుట్టారు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. అంతకు ముందు సంవత్సరమే వాల్టర్ కాఫ్మన్ ఈ ఊరికి వచ్చారు. వచ్చిన కొద్దికాలానికే చిన్న బృందాల సంగీతం కోసం బొంబాయి ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టారు. మెహతా అందులో వయొలిన్ వాయించేవారు. కాఫ్మన్‌కు మన సంగీతం రికార్డుల మీద తొలిసారి విన్నప్పుడు తలాతోకా తెలియలేదట. అయితే, మనుషులు మనసు పెట్టి చేసుకున్నది నాకు అర్థం కాకపోతే లోపం నాదే అయి ఉండాలనుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారట. 1937 నుంచి 1946 వరకు ఆకాశవాణి బొంబాయి కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగం చూశారు. తర్వాత కెనడా వెళ్లి విన్నిపెగ్ నగరపు సింఫనీ ఆర్కెస్ట్రాకు కండక్టరయ్యారు. అటుపైన అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో బోధించారు. మన రాగాల మీద ఆయన రాసిన రెండు పెద్ద పుస్తకాలున్నాయి. ఒకటి ఉత్తరాది రాగాలపై, మరొకటి దక్షిణాది రాగాలపై.

సరే, ఒక పార్సీ, ఒక యూదుడు పూనుకున్నారు. బృందానికి కావలసిన పదుల మంది ఎక్కడివాళ్లు? ఇదే నన్ను పట్టుకున్న ప్రశ్న. నాయకుల పేర్లు చరిత్రలో ఉంటాయి. వెనక వరస కుర్చీలవాళ్ల పేర్లు జీతాల రిజిస్టర్లలో ఉంటాయి. అవి కూడా కొంతకాలానికి చెదలు పడతాయి.

ఊదే వాద్యాలవాళ్లలో చాలామంది నౌకాదళపు బ్యాండువాళ్లు. కొందరు పార్సీ కుటుంబాలవాళ్లు, కొందరు యూరప్ నుంచి వచ్చిన కాందిశీకులు. కాని తీగల వాద్యాల బలమంతా గోవా క్రైస్తవులది. పగలు కచ్చేరీకి సాధన, రాత్రి హోటల్లో నాట్యానికి వాయింపు, ఆదివారం చర్చిలో ప్రార్థనగీతం.

గోవావాళ్లకు ఈ విద్య ఎలా వచ్చిందంటే, అది పోర్చుగీసు పాలన నాటి చర్చి బడుల చలవ. ప్రతి ఊరి చర్చికీ ఒక సంగీతం మేష్టారు ఉండేవాడు. పిల్లవాడికి అక్షరాలతో పాటు అయిదు గీతల మీద చుక్కలు చదవడం నేర్పేవాడు. వయొలిన్ చేతికిచ్చేవాడు. ఉద్దేశం చర్చి పాటకు ఆసరా కోసమే. నేర్చుకున్న పిల్లలు మాత్రం పొట్ట చేత పట్టుకుని బొంబాయి బయలుదేరారు. కాగితం చూసి వాయించగలవాడికి ఓడల మీద, హోటళ్లలో, బ్యాండుల్లో పని దొరికేది.

మన సంగీతాన్ని కూడా ఆ అయిదు గీతల మీదికి ఎక్కించాలని ఒకాయన మద్రాసులో ఒళ్లమ్ముకున్నంత పని చేశారు. చిన్నస్వామి మొదలియారు అనే క్రైస్తవుడు, ప్రభుత్వోద్యోగి. 1892లో త్యాగరాజు కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేయడం మొదలుపెట్టారు. ఆయన ప్రోద్బలంతోనే ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ రాశారు. అది 1904లో తమిళదేశపు ఆ చిన్న సంస్థానం నుంచి తెలుగులో అచ్చయింది. తమిళనాడులోని మన పాఠకులు ఈ సంగతి గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే మన విద్య గురుముఖంగానే సాగింది, కాగితం పక్కన ఉండిపోయింది. గోవా పిల్లవాడికి కాగితమే గురువైంది. అందుకే అరవైమంది ఒకచోట కూర్చుని, మునుపెన్నడూ వినని సంగీతాన్ని చూసి వాయించగలిగారు.

ధోబీతలావ్‌లో గోవావాళ్ల ‘కుడ్’లు ఉన్నాయి. కుడ్ అంటే కొంకణిలో గది. ఒక్కో ఊరివాళ్లు కలిసి ఒక్కో కుడ్ పెట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాడు పెట్టె దించుకోవడానికి చోటు, సాయంత్రం అందరూ కలిసి జపమాల చెప్పుకోవడానికి ఒక మూల పీఠం, గోడ మీద ఊరి దేవాలయపు పటం. జేర్ మహల్ అనే ఒక్క భవనంలోనే అలాంటివి అంతస్తుకు కొన్ని. అంకుల్ నన్ను ఒకసారి వాళ్ల కుడ్‌కు తీసుకెళ్లారు. గోడ వెంట వరసగా ట్రంకుపెట్టెలు. ఒక్కో పెట్టె ఒక్కో మనిషి సంసారం. నాకు వెంటనే మా బాపు వచ్చిన కొత్తలో ఉన్న గది గుర్తొచ్చింది. కరీంనగర్ జిల్లాలో మా ఊరివాళ్లే పద్నాలుగు మంది. పాళీల ప్రకారం పడుకునేవాళ్లట, ఒకడు లేస్తే ఒకడు. వాళ్ల పీఠం దగ్గర జపమాల, మా గదిలో మార్కండేయుడి పటం. వాళ్ల దగ్గర వయొలిన్ పెట్టెలు, మా దగ్గర మగ్గం తెలిసిన చేతులు. ఆ చేతులకు మిల్లులో పని దొరికింది. అంతే తేడా.

కచ్చేరీలు కవాస్జీ జహంగీర్ హాలులో జరిగేవి. 1996 నుంచి ఆ భవనంలో జాతీయ ఆధునిక కళల ప్రదర్శనశాల ఉంది. అంకుల్ 1950ల మొదట్లో ఆ బృందంలో రెండో వయొలిన్ల చివరి వరసలో కూర్చునేవారు. ఒక్కో కాగితపు స్టాండు ముందు ఇద్దరు. పేజీ అయిపోగానే లోపలి కుర్చీలోవాడు వాయించడం ఆపి తిప్పాలి, బయటి కుర్చీలోవాడు వాయిస్తూనే ఉంటాడు. “నేను లోపలి కుర్చీ. నా బతుకంతా పేజీ తిప్పడమే” అనేవారు. ఫిర్యాదుగా కాదు. తిప్పడం ఒక్క క్షణం ఆలస్యమైతే పక్కవాడు గుడ్డివాడైపోతాడని, ముందయితే చివరి స్వరాలు మింగేసినట్టేనని, అదొక విద్యేనని చెప్పేవారు. లెడ్జర్లు తిప్పి బతికేవాణ్ణి, నాకు ఆ మాట బాగా ఎక్కింది.

ఇక లెక్కల సంగతి. సింఫనీ ఆర్కెస్ట్రాను టిక్కెట్లతో నడపడం ఏ దేశంలోనూ జరిగే పని కాదు. ఒక కచ్చేరీకి ఎన్నో రోజుల సాధన. సాధనకొచ్చిన ప్రతివాడికీ ఆ రోజు కూలి పోతుంది. దొరకని వాద్యాలుంటాయి. ఓబో వాయించేవాడు లేకపోతే ఆ భాగం మరో వాద్యానికి రాసివ్వాలి. కాగితాలు విదేశాల నుంచి తెప్పించుకోవాలి. యూరప్‌లో ఈ ఖర్చు ఒకప్పుడు రాజులు, తర్వాత పురపాలక సంఘాలు, ప్రభుత్వాలు భరించాయి. బొంబాయిలో కొందరు ధనికుల చందాలు, టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్బు వంటి సంస్థల ఆదరణ, మిగిలినదంతా మెహతా పట్టుదల. ఒక మనిషి పట్టుదలను ఆస్తుల పట్టీలో చూపించలేం. ఆ మనిషి లేచి వెళ్లిపోయిన రోజున గాని అది ఎంత ఉండేదో తెలియదు.

ఆయన వెళ్లిపోయారు. 1945లో న్యూయార్కు వెళ్లి ఇవాన్ గలామియన్ దగ్గర నేర్చుకుని తిరిగి వచ్చిన మనిషి, 1955లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాలే ఆర్కెస్ట్రాలో చేరారు. అక్కణ్ణుంచి అమెరికా. 1964లో లాస్ ఏంజెలెస్‌లో యువకుల కోసం అమెరికన్ యూత్ సింఫనీ పెట్టి మూడు దశాబ్దాలకు పైగా నడిపారు. 2002లో అక్కడే కన్నుమూశారు. కొడుకు జుబిన్ మెహతా 1954లోనే, పద్దెనిమిదేళ్ల వయసులో, వైద్యవిద్య ఊసు కట్టిపెట్టి వియన్నా వెళ్లాడు. తర్వాతి కథ లోకానికంతా తెలుసు. లాస్ ఏంజెలెస్, న్యూయార్కు, ఇజ్రాయెల్. బొంబాయి నుంచి ప్రపంచానికి ఒక గొప్ప కండక్టరు దొరికాడు. బొంబాయికి మాత్రం ఆర్కెస్ట్రా మిగల్లేదు.

మరి ఆ వాద్యకారులేమయ్యారు? ఇక్కడ నేను వర్లీ చాల్‌కు తిరిగి వస్తాను.

1949 నాటి మద్యనిషేధ చట్టం వచ్చాక హోటళ్లలో నాట్యసంగీతం చప్పబడింది. అదే సమయానికి హిందీ సినిమాకు పెద్ద వాద్యబృందాలు కావలసి వచ్చాయి. గోవావాళ్లు దాదర్, తార్‌దేవ్ స్టూడియోల దారి పట్టారు. సంగీత దర్శకుడు బాణీ పాడి వినిపిస్తాడు. దానికి ముందూ వెనకా, చరణాల మధ్య, పాట కింద వయొలిన్లు ఏం పలకాలో, బూర ఎక్కడ అందుకోవాలో కాగితం మీద రాసేవాడు ఒకడు కావాలి. ఆ పని సెబాస్టియన్ డిసౌజా, ఫ్రాంక్ ఫెర్నాండ్, చిక్ చాకొలేట్ అని పేరుపడ్డ అంటోనియో వాజ్ వంటివాళ్లు చేశారు. శంకర్-జైకిషన్ పాటల్లో అల ఎగసినట్టు లేచే ఆ వయొలిన్ల గుంపు వెనక ఏళ్ల తరబడి ఉన్న కలం డిసౌజాది. తెర మీద ఆ పేర్లు అరుదుగా కనిపించేవి.

అంటే కవాస్జీ జహంగీర్ హాలు గడప మా వాళ్లెవరూ తొక్కలేదు గాని, ఆ హాలులో వాయించిన చేతులే మా చాల్‌లో మోగాయి. బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలా వేళకు మా వరండాలో నడవడానికి దారి ఉండేది కాదు. గణపతి పండక్కి బెంజో పార్టీవాళ్లు ఆ పాటలే వీధిలో వాయించేవాళ్లు. మా అమ్మ బతుకమ్మ పాటల మధ్య తెలియకుండానే ఒక హిందీ బాణీ దూరేది. నలుగురు ధనికులు చందాలిచ్చి పోషించిన బృందం ఊరికంతటికీ చేరిందంటే, అది కూలిపోవడం వల్లనే చేరింది. ఈ మాట అంకుల్‌తో అన్నప్పుడు ఆయనకు నచ్చలేదు. “స్టూడియోలో వాయించింది కూలికి. అక్కడ వాయించింది సంగీతం” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. కాని ఆయన గొంతులో ఉన్నదేమిటో నాకు తెలుసు. మిల్లు మగ్గం మీద వేల గజాలు నేసిన మా బాపు, ఊళ్లో చేతిమగ్గం మీద తను నేసిన ఒక్క చీర గురించి అలాగే మాట్లాడేవాడు.

ఈ రెంటినీ కలపాలని చూసిన మనిషి ఒకడున్నాడు. ఆంథనీ గొన్సాల్వెస్. 1927లో గోవాలోని మజోర్డాలో పుట్టి, బొంబాయి స్టూడియోల్లో వయొలిన్ వాయించాడు. హిందూస్థానీ రాగాలను సింఫనీ బృందానికి రాయాలన్నది ఆయన తపన. 1958లో ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రా పేరుతో నూరుమందికి పైగా వాద్యకారులను కూడగట్టి సెయింట్ జేవియర్స్ కళాశాల ఆవరణలో కచ్చేరీ చేశాడు. లతా మంగేష్కర్, మన్నాడే పాడారు. స్టూడియోల్లో కూలికి వాయించేవాళ్లే అక్కడ వాళ్ల రాగాలను వాళ్ల కాగితం మీద చూసి వాయించారు. ఆ ప్రయత్నం ఎక్కువకాలం సాగలేదు. 1960లలో ఆయన అమెరికా వెళ్లి, తిరిగి వచ్చి, మజోర్డాలో నిశ్శబ్దంగా ఉండిపోయాడు. 2012లో చనిపోయాడు. 1977 నాటి ‘అమర్ అక్బర్ ఆంథనీ’లో హీరో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చి చెప్పుకునే పేరు ఈయనదే. సంగీత దర్శకుల్లో ఒకరైన ప్యారేలాల్‌కు ఈయన వయొలిన్ గురువు. దేశమంతా ఆ పేరు పాడింది. ఆ పేరుగల మనిషి ఒకడున్నాడని ఎంతమందికి తెలుసు?

మనవాళ్ల సంగతి కూడా ఒక్కమాట చెప్పాలి. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందం ప్రారంభించింది. రవిశంకర్ దాన్ని తీర్చిదిద్దారు. తర్వాత దాన్ని నడిపినవారిలో ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు ఉన్నారు. ఆయన అంతకు ముందు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేశారు. అంటే అక్కడా సినిమా స్టూడియోనే బడి. ఆయన వీణ గురించి మనవాళ్లు ఎంతో రాశారు. వాద్యబృందానికి ఆయన కట్టినవాటి గురించి రాసింది తక్కువ.

ఇక నేను చూసిన కచ్చేరీ. మెహతా వెళ్లాక కూడా ఈ ఊళ్లో కొందరు దీపం ఆరనివ్వలేదు. 1962లో జినీ దిన్షా అనే ఆవిడ బొంబాయి ఛాంబర్ ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు. అలాంటి ఔత్సాహికుల బృందం ఒకదాని కచ్చేరీకి అంకుల్ నాకు రెండు పాసులిచ్చారు. మా ఆవిడతో వెళ్లాను. వేదిక మీద ఒక దంతవైద్యుడు, ఒక పంతులమ్మ, రిటైరైన రైల్వే ఉద్యోగి, ఇద్దరు కాలేజీ పిల్లలు. అందులో సగంమందిని అంకుల్ పేరుపేరునా చూపించారు. హైడ్న్ రాసిన సింఫనీ ఒకటి. మొదటి భాగం ఆగగానే నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. హాలంతటికీ నేనొక్కణ్ణే. భాగాల మధ్య కొట్టకూడదట. మా ఆవిడ నా మోచేయి గిల్లింది. అప్పుడు ముందు వరసలో ఒక ముసలి పార్సీ ఆయన వెనక్కి తిరిగి చూసి, నవ్వి, తనూ రెండు చప్పట్లు కొట్టాడు. నాకు ఆ సాయంత్రపు సంగీతం మరుపుకొచ్చింది గాని ఆ రెండు చప్పట్లు రాలేదు.

1994 చివర్లో జుబిన్ మెహతా ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌ను వెంటబెట్టుకుని బొంబాయి వచ్చారు. అంకుల్ ఆ వారమంతా మా బ్రాంచిలో పెళ్లివారింటి మనిషిలా తిరిగారు. తండ్రి పేరున మెహ్లీ మెహతా మ్యూజిక్ ఫౌండేషన్ 1995లో ఏర్పడి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. కాని అదే కాలంలో అంకుల్ పాస్‌బుక్కులో మరో కథ నడుస్తోంది. పాత పేజీల్లో నెలకు పది పన్నెండు జమలు, అన్నీ స్టూడియోలవి. 1990 దాటాక నెలకు నాలుగు, తర్వాత రెండు, తర్వాత ఏమీ లేవు. ఒక పెట్టెలాంటి కీబోర్డు నలభై వయొలిన్ల చప్పుడు చేయడం నేర్చుకుంది. అచ్చం అలాగే ఉండదని అంకుల్ అనేవారు. అచ్చం అలాగే ఉండనవసరం లేదని నిర్మాతలకు తెలిసిపోయింది. మిల్లుల సంగతి చూసిన ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, నాకు ఆ జమలు చదవడం కష్టం కాలేదు. 1982 జనవరి సమ్మెతో మా బాపు పాస్‌బుక్కు కూడా అలాగే ఆగింది.

2006లో ముంబయికి మళ్లీ సింఫనీ వచ్చింది. నారిమన్ పాయింటు దగ్గర జాతీయ కళాకేంద్రంలో, ఖుష్రూ సున్‌టుక్, కజక్ వయొలిన్ విద్వాంసుడు మరాట్ బిసెంగలియేవ్ కలిసి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా స్థాపించారు. ఈసారి హాలుంది, దాతలున్నారు, జీతాలున్నాయి. మెహ్లీ మెహతాకు లేనివన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే, వాద్యకారులు. మొదట్లో వేదిక మీద భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. చాలామంది కజకిస్థాన్ నుంచి వచ్చారు. కొన్నేళ్ల తర్వాత నేనొక కచ్చేరీకి వెళ్లి, కార్యక్రమ పత్రంలో పేర్లు వరసగా చదివాను. గోవా పేరు కోసం వెతికాను. అద్భుతంగా వాయించారు, అందులో సందేహం లేదు. ఈసారి చప్పట్లు సరైన చోట కొట్టాను. 2012లో ఆ సంస్థ పిల్లల కోసం బడి కూడా పెట్టింది. 2019లో బృందం బ్రిటన్ పర్యటించి వచ్చింది. ఊరి చర్చి మేష్టారు జీతం బత్తెం అంతంతమాత్రంగా చేసిన పనిని, ఇప్పుడు కోట్ల ఖర్చుతో మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. డబ్బుతో హాలు రెండేళ్లలో లేస్తుంది. వెనక వరసలో పేజీ తిప్పేవాడు తయారు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ బ్యాంకు అంచనాలోనూ ఉండదు.

వర్లీలో నేను తెలుగులో చదువుకున్న మునిసిపల్ బడిలో నా తరగతికి మూడు సెక్షన్లుండేవి. మా అబ్బాయిని నేను ఇంగ్లీషు మీడియంలో వేశాను. మా సంఘం ఉగాది కార్యక్రమానికి ఇప్పుడు గాయకులను హైదరాబాదు నుంచి విమానంలో పిలిపిస్తున్నాం. ఖర్చు పద్దు నేనే రాస్తాను, ఏటా పెరుగుతోంది. బాగా పాడతారు.

ఈ వ్యాసం మొదట్లోనే చెప్పాల్సిన సంగతొకటి ఇంతదాకా దాటవేశాను. 1997లో అనుకుంటాను, వానాకాలం, మధ్యాహ్నం వేళ అంకుల్ నా బల్ల ముందు కూర్చున్నారు. మనవడు వయొలిన్ నేర్చుకుంటున్నాడు, చెయ్యి బాగుంది, పెద్ద వాద్యం కొనాలి, ముప్పై వేలు కావాలి అన్నారు. హామీ ఏముందని అడిగాను. ఫిక్సెడ్ డిపాజిట్టు లేదు. బీమా పాలసీ గడువు తీరి ఖర్చయిపోయింది. బంగారం అంకుల్ భార్య ఆసుపత్రికి పోయింది. “నా వయొలిన్ ఉంది. నలభై అయిదేళ్లు దాంతోనే బతికాను. అది పెట్టుకో” అన్నారు. అలాంటి వస్తువును తనఖా పట్టే ఏర్పాటు మా నిబంధనల్లో లేదు. విలువ కట్టేవాడు మా జాబితాలో లేడు. ఇదంతా నేను మర్యాదగానే చెప్పాను, టీ కూడా తెప్పించాను. పైవాళ్లకు రాసి చూస్తాననైనా అనవచ్చు. అనలేదు. ప్రొబేషన్ ముగిసి ఎంతోకాలం కాలేదు, భయం. సొంతంగా ఇవ్వడానికి ముప్పై వేలు నా దగ్గర ఉన్నాయా అంటే, ఉన్నాయి. గది కొనడానికి దాచినవి.

మరుసటి ఏడాది ఆయన ఖాతా మూసేసి గోవా వెళ్లిపోయారు. మనవడు ఏదో కంప్యూటరు కోర్సులో చేరాడని చెప్పి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాచి గట్టిగా ఉన్నాయి.

ఆయన నింపిన దరఖాస్తు నాకిప్పటికీ కళ్ల ముందు ఉంది. మీరు ఇవ్వజూపే హామీ అన్న గడిలో, స్వరాలు రాసి రాసి తీరుబడిన ఆ గుండ్రటి చేతిరాతతో ‘వయొలిన్, ఒకటి’ అని రాశారు. దాని మీద ఎర్రసిరాతో అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది నేనే.